చూద్దామా అంటే చూద్దాం

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని మా బావని చిన్నప్పుడే ఎవరో భయపెట్టినట్టున్నారు. పెళ్ళైన కొత్తలో బిడియం అనుకున్నాం. తర్వాత పని ఒత్తిడి అనుకున్నాం. ఆ తర్వాత అనుకోవడం మానేశాం. ఊళ్ళో సగం స్నానాల గదుల్లో గీజర్లు బిగించేదీ, చెడిపోతే బాగుచేసేదీ ఆయనే. కాయిల్ కాలిపోయిందో, ట్యాంకు అడుగున సున్నం పేరుకుందో, ఒక్కసారి చెవి ఆనించి వింటే చెప్పేస్తాడు. గీజరు లోపల నీళ్ళు ఏమంటున్నాయో వినిపించే మనిషికి వంటగదిలో పెళ్ళాం ఏమంటోందో వినిపించదని నా ఫిర్యాదు. దీపం కిందే చీకటి అని ఊరికే అనలేదు.

మరదలిని కాబట్టి ఈ మాటలన్నీ ఆయన మొహం మీదే అనేదాన్ని. "బావా, మీకు మాటలు రేషను మీద ఇస్తున్నారా?" అంటే "ఊఁ" అని నవ్వేవాడు. ఆ నవ్వులో పళ్ళు కూడా కనిపించేవి కావు. నేను పెళ్ళి చేసుకోలేదు. అక్క కాపురం చూశాక ఆ సరదా తీరిపోయిందని ఆయన్ని ఏడిపించేదాన్ని. అందులో వేళాకోళం ఎంతో, నిజం ఎంతో నాకూ సరిగ్గా తెలియదు.

మా అక్క పళ్ళ కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది. గడ్డకట్టే గదిలో నిలబడి, పెట్టెలు విప్పి, మచ్చపడిన పళ్ళు ఏరి పక్కన పడెయ్యడం. రెండు జతల గ్లౌజులు వేసుకున్నా వేళ్ళు కొంకర్లు పోయేవి. నడివేసవిలో కూడా అక్క చెయ్యి పట్టుకుంటే తెల్లవారుజామున ఇనప గేటు పట్టుకున్నట్టుండేది. అక్కడే పనిచేసే ఒకావిడ చెప్పిందట, కొండల్లో బాగా లోపలికి వెళ్తే ఒక వేడినీళ్ళ బుగ్గ ఉందని. రోడ్డు లేదు, నడిచే వెళ్ళాలి. రాళ్ళ మధ్యనుంచి వేడివేడి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, చుట్టూ మంచు పడుతున్నా మెడదాకా కూర్చోవచ్చు. పొయ్యి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఆ మాట విన్న రోజునుంచి అక్కకి అదే ధ్యాస.

బావని ఒక్కసారే అడిగింది. ఆ కథ నాకు కంఠతా వచ్చు, అన్నిసార్లు చెప్పింది. బావ పనినుంచి వచ్చి మొహం కడుక్కుంటున్నాడు. అక్క తువ్వాలు అందిస్తూ, "ఏవండీ, కొండల్లో ఎక్కడో వేడినీళ్ళ బుగ్గ ఉందట. చూద్దామా?" అంది. బావ మొహం తుడుచుకుని, "చూద్దాం" అన్నాడు. తువ్వాలు తిరిగిచ్చాడు. అంతే.

చూద్దాం అంటే ఏమిటో తెలియనివాళ్ళెవరు? సెలవు అడిగితే మేనేజరు చూద్దాం అంటాడు. సైకిలు కొనమంటే మా నాన్న చూద్దాం అనేవాడు, ఆ సైకిలు మేం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. లేదు అనే మాటకి ఇస్త్రీ చొక్కా తొడిగితే చూద్దాం అవుతుంది. అక్కకి అభిమానం ఎక్కువ. ఒకసారి కాదనిపించుకున్న గుమ్మం రెండోసారి తొక్కే రకం కాదు. మళ్ళీ అడగలేదు.

కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా అదే పోస్టాఫీసు. "మీ నాన్నని అన్నానికి రమ్మను." "గొడుగు ఎక్కడ పెట్టిందో మీ అమ్మని అడుగు." ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్ళు. పిల్ల పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళాక, ఆ ఇంట్లో మిగిలిన నాలుగు మాటలూ దాని పెట్టెలోనే సర్దుకుని వెళ్ళిపోయాయి. తర్వాత ఆ ఉద్యోగం నాకొచ్చింది. పక్క ఊళ్ళో, మొక్కల నర్సరీలో మట్టి కలుపుకుంటున్న నాకు అక్క ఫోన్ చేసి, "మీ బావ రాత్రికి ఇంట్లో తింటారేమో అడగవే" అనేది. ఆ బావ అక్కడే, వరండాలో కూర్చుని స్క్రూలు ఏరుకుంటూ ఉండేవాడు. పోనీ వాళ్ళకేమైనా గొడవా అంటే అదీ లేదు. అదే నాకు మండేది. గొడవైతే ఎవరో ఒకరు తీర్చొచ్చు.

అక్క ఉద్యోగం ముగిసే రోజులు దగ్గరపడ్డాయి. ఒక ఆదివారం నర్సరీకి వచ్చి, తొట్ల మధ్య బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"నీ పక్కగది ఖాళీగానే ఉందా?" అంది.

"ఎరువు సంచులున్నాయి. ఎందుకు?"

"సంచులు తీసెయ్. నేనొస్తున్నా."

"నాలుగు రోజులుంటావా?"

"ఉండిపోతా."

చేతిలో మొక్క కింద పెట్టి అక్క మొహంలోకి చూశాను. ఏడుపు లేదు, కోపం లేదు. రాత్రంతా కూర్చుని లెక్క తేల్చుకున్న మనిషిలా నెమ్మదిగా ఉంది.

"కొట్టారా అంటే కొట్టలేదు. తిట్టారా అంటే, తిట్టినా బాగుండేది. ఇన్నేళ్ళూ ఆ గడ్డకట్టే గదిలో పనిచేసి ఇంటికొస్తే అక్కడా అదే చలి. పని ఉన్నన్నాళ్ళూ రాత్రి మటుకే భరించాను. ఇకనుంచి పొద్దస్తమానం అక్కడే ఉండాలి. నావల్ల కాదే."

నాకు లోపల సంతోషమే వేసింది. ఒంటరిగా అన్నం తినేవాళ్ళకి తెలుస్తుంది ఆ సంతోషం. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది" అన్నాను.

"ముందు ఆ బుగ్గ చూసొస్తాను. మీ బావనీ రమ్మని చెప్పు. అక్కడే ఆయనకి చెప్పేస్తాను."

"చెప్పడానికి కొండెక్కాలా?"

"ఇంట్లో చెప్తే రెంచీ పట్టుకుని ఎవరిదో గీజరు చూడ్డానికి వెళ్ళిపోతారు. కొండమీద ఎక్కడికి వెళ్తారు?"

ఇద్దరం నవ్వుకున్నాం.

బావకి ఫోన్ చేశాను. చూద్దాం అంటాడని నాకు తెలుసు. అనగానే నాలుగు దులిపేద్దామని మాటలు కూడా నూరి పెట్టుకున్నాను.

"బావా, అక్క ఆ వేడినీళ్ళ బుగ్గకి వెళ్దామంటోంది. మీరొస్తారా?"

ఫోను కట్టయిందేమో అనుకునేంతలో, "వస్తాను" అన్నాడు. అంతటితో ఆగకుండా, అడక్కుండానే ఇంకో మాట కూడా అన్నాడు.

"తనే అందా?"

"తనే అంది."

"ఊఁ" అని పెట్టేశాడు. నూరుకున్నవన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి.

కొండదారి మొదలయ్యేచోట బస్సు దిగాం. నేను మా ఊరినుంచి, వాళ్ళిద్దరూ వాళ్ళ ఊరినుంచి. అక్క సంచీ బావ భుజాన ఉంది. బట్టలన్నీ కుక్కిన పెద్ద సంచీ, దాన్ని దించేటప్పుడు ఆయన మెడ మీద నరం ఉబ్బింది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదానికి ఇంత సంచీ ఏమిటని మనిషన్నవాడు అడగడా? అడగలేదు. టీ కొట్టు ఆవిడని బతిమాలి సంచులు బల్ల కింద పెట్టాడు, తన చిన్న సంచీ భుజాన వేసుకున్నాడు, నడవడం మొదలుపెట్టాడు.

"దారెటు?" అని నేనే అడిగాను టీ కొట్టావిడని.

"ఏటి వెంట పోండి. చెక్క వంతెన దాటాక దారి కనపడదు. అక్కణ్ణుంచి ముక్కు చెప్పినట్టు పోండి" అందావిడ. "కుళ్ళిన గుడ్డు వాసనొస్తే వచ్చేసినట్టే."

ఎక్కుడు పెద్ద నిటారు కాదు గానీ ఆగని ఎక్కుడు. ఇరుకు దారి, ఒకపక్క ఏరు, ఒకపక్క పైనుంచి జారిన రాళ్ళు. అక్క మోకాళ్ళు నిలబడీ నిలబడీ అరిగిపోయినవి. నాలుగు అడుగులు వేసి ఆగుతోంది. నేను మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాను. బావ ముందు వెళ్తున్నాడు. వెనక్కి తిరిగి చూడ్డు. ప్రతి మలుపు దగ్గరా వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటాడు. మేం దగ్గరికి రాగానే లేచి మళ్ళీ నడుస్తాడు.

"ఆ తాళ్ళు కూడా మీ మాట వినట్లేదా బావా? గట్టిగా ఒకటనండి" అని అరిచాను.

"ఊఁ" అన్నాడు.

"చూశావా," అన్నాను అక్కతో. "చెయ్యందించడానికి ఏమైనా అరిగిపోతాడా?"

వంతెన మీద అక్క ఆగి, రొట్టెముక్క తింటూ, "ఆయనకి ఈ చలి పడదు. మఫ్లరు తెచ్చుకున్నారో లేదో అడుగు" అంది. వదిలేసి వెళ్ళిపోబోయే మనిషి మఫ్లరు గురించి అడగడం నాకు విడ్డూరంగా తోచింది. అడిగాను. తెచ్చుకున్నాడట.

వాసన ముందొచ్చింది, తర్వాత ఆవిరి కనపడింది. పెద్ద బండరాళ్ళ మధ్య నీళ్ళు ఊరుతున్నాయి. అంతకుముందు వచ్చినవాళ్ళెవరో రాళ్ళు పేర్చి రెండు మడుగులు కట్టారు, ఒకటి పైన, ఒకటి కాస్త కింద. మధ్యలో మనిషెత్తు బండ. పక్కనే ఏటినుంచి ఒక చన్నీళ్ళ పాయ వచ్చి చేరుతోంది. చుట్టూ పచ్చటి నాచు, ఎక్కడా మనిషన్నవాడు లేడు. అక్క చెప్పులు విప్పేసి పరుగులాంటి నడకతో వెళ్ళి పై మడుగులో వేలు పెట్టింది. చురుక్కుమని లాక్కుంది.

"అమ్మో, కాలిపోతోందే! దీనికోసమా ఇన్నాళ్ళూ!"

ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. అంత దూరం నడిచి వచ్చి ఒడ్డున కూర్చుని చూసి పోవాలి కాబోలు అనుకున్నాను.

బావ సంచీ దించాడు. చొక్కా చేతులు మడిచి మడుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. మణికట్టు నీళ్ళలో ముంచి చూశాడు. వేడి ఎక్కడ ఊరుతోందో, చల్లది ఎక్కడ చేరుతోందో కాసేపు చూసి, చన్నీళ్ళ పాయకి అడ్డంగా ఉన్న రాళ్ళు ఒక్కొక్కటీ జరపడం మొదలుపెట్టాడు. ఒక రాయి తియ్యడం, మణికట్టు ముంచడం, తల అడ్డంగా ఊపడం, ఇంకో రాయి పెట్టడం. చన్నీళ్ళు ఎక్కువైతే నాచు తెచ్చి సందులు పూడ్చాడు. చేతులు మోచేతిదాకా ఎర్రబడ్డాయి. అంత సేపూ మేమిద్దరం చలిలో నిలబడి ఉన్నాం. నేను విసుక్కోలేదు. ఆ పని చేస్తున్నప్పుడు ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసినట్టనిపించింది.

"ఇప్పుడు దిగమను" అన్నాడు నాతో. మేం ఆడవాళ్ళం దిగుతాం కాబట్టి, బండ అవతలికి, కింది మడుగు దగ్గరికి వెళ్ళిపోయాడు.

పాత బట్టలతోనే దిగాం. అక్క మెడదాకా మునిగి కళ్ళు మూసుకుంది. నోటినుంచి ఒక చిన్న మూలుగు వచ్చింది, బరువు దించినప్పుడు వస్తుందే, అలాంటిది. నీళ్ళలో వేళ్ళు విప్పి, మూసి, మళ్ళీ విప్పి చూసుకుంది. ఎప్పుడూ పాలిపోయి ఉండే ఆ వేళ్ళు గులాబీరంగుకి తిరిగాయి. నీళ్ళు ఒంటికి సరిగ్గా ఉన్నాయి, ఒక చెంబు ఎక్కువ కాదు, ఒక చెంబు తక్కువ కాదు.

"ఇప్పుడు చెప్పెయ్యనా?" అంది గుసగుసగా.

"ముందు కీళ్ళు నాననీ" అన్నాను.

నిజానికి నాకే చెప్పించాలని లేదు అప్పటికి. ఎందుకో తెలియదు. కాసేపాగి అక్క, "నీళ్ళు బాగున్నాయా అని మీ బావని అడుగు" అంది.

"బావా, నీళ్ళు బాగున్నాయా అంటోంది!"

"బాగున్నాయని చెప్పు" అని బండ అవతలినుంచి వచ్చింది.

"బాగున్నాయట."

"కాళ్ళు మటుకే పెట్టారా, దిగారా అడుగు."

నాకు ఒళ్ళు మండింది. "ఇదిగో, ఇద్దరూ వినండి. ఇవాళ పోస్టాఫీసుకి సెలవు. మధ్యలో ఉన్నది రాయి, సముద్రం కాదు. మీ మాటలు మీరే మాట్లాడుకోండి."

అప్పుడు అక్క బండ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "ఏవండీ" అంది. ఆ పిలుపు నేను విని ఎన్నేళ్ళయిందో.

"ఊఁ."

"ఒకప్పుడు మిమ్మల్ని ఇక్కడికి తీసుకెళ్ళమని అడిగాను. గుర్తుందా?"

"ఉంది."

"చూద్దాం అన్నారు."

"అన్నాను."

"అప్పుడు నాకు మోకాళ్ళున్నాయి. వయసుంది. ఒక్కసారి తీసుకొచ్చుంటే ఏం పోయేదండీ?"

బావ గొంతులో కోపం లేదు, ఏదో అర్థంకాని లెక్క ముందు కూర్చున్నవాడి గొంతులా ఉంది.

"నువ్వు చూద్దామా అన్నావు. నేను చూద్దాం అన్నాను."

"అదే కదా నేననేది!"

"నేననేదీ అదే. తిందామా అంటే తిందాం అంటాం. వెళ్దామా అంటే వెళ్దాం అంటాం. చూద్దామా అంటే చూద్దాం అన్నాను. ఇంకేమనాలి?"

నేను పకపకా నవ్వేశాను. నవ్వు సగంలో ఉండగా అక్క మొహం చూశాను. నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

"సరేనన్నారా?" అంది అక్క. "అంటే... సరేననే అన్నారా?"

"ఏ రోజో నువ్వు చెప్తావని చూశాను. సెలవు దొరకాల్సింది నీకు కదా. బూట్లు కూడా కొన్నాను."

"ఏ బూట్లు?"

"గోధుమరంగువి. కొండెక్కడానికి. నీ సైజే. అలమర కింద పెట్టాను."

నీళ్ళలో నా కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ బూట్లు నాకు తెలుసు. మందపాటి అడుగులు, లోపల మెత్తటి గుడ్డ. ఒకరోజు అక్క వాటిని సంచీలో వేసి నర్సరీకి పట్టుకొచ్చింది. "అలమర కింద దొరికాయే. ఎవరో కస్టమరు వదిలించుకుని ఉంటారు. మాకు పనిలో గమ్‌బూట్లు వాళ్ళే ఇస్తారు, నాకెందుకివి? మట్టిలో తిరిగేదానివి, నువ్వు తొడుక్కో" అంది. అడుగులు ఊడిపోయేదాకా తొడుక్కున్నాను. అంతటితో ఊరుకోలేదు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బావ ముందు కాళ్ళు చాపి, "నా బూట్లు చూశారా బావా? మా అక్క ఇచ్చింది" అని మురిసిపోయాను. ఆయన నా కాళ్ళకేసి చూసి, "బాగున్నాయి" అన్నాడు. అప్పుడాయన మొహం ఎలా ఉందో గుర్తుతెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. నేను చూడలేదు మరి. బూట్లే చూసుకుంటున్నాను.

"మరదలి కాళ్ళకి చూశాను," అంటున్నాడు బండ అవతలినుంచి. "నీకు ఇష్టం పోయిందనుకున్నాను. అందుకే నేనూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

"ఎందుకు కొన్నారో చెప్పచ్చు కదండీ," అంది అక్క. "బూట్లకి నోరుంటుందా?"

"చూస్తే తెలుస్తుందనుకున్నాను."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా బావ విషయంలో పెదవి దాటక ఒక జీవితం దాటిపోయింది. ఆయన మీద నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. అంతకంటే ఎక్కువ జాలి వేసింది. పొద్దున మలుపు మలుపునా ఊడని తాళ్ళు విప్పి కట్టుకున్నది ఎవరికోసమో అప్పుడు తెలిసింది. తెలిశాక, అక్క ఆ చెప్పదలచుకున్న మాట చెప్పకూడదని గట్టిగా అనిపించింది. పక్కగదిలో పరుపు వేసి ఉంచాను, కొత్త దుప్పటి పరిచాను. అవి అలాగే ఉండనీ, నా తిండి నేనే తింటాను అనుకున్నాను. అక్క మోచెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపాను.

అక్క నా చెయ్యి విడిపించుకుంది.

"నేను చెల్లి ఇంటికి వెళ్ళిపోతున్నానండీ. ఉండిపోవడానికే. మీకది చెబుదామనే ఇంత దూరం తీసుకొచ్చాను. ఇప్పుడీ సంగతి తెలిసింది. తెలిసినా చెప్తున్నాను, దాచడం తప్పు కాబట్టి."

నీళ్ళు బుడబుడమంటున్నాయి.

"సరే" అన్నాడు బావ.

అక్క అరచేత్తో నీళ్ళ మీద ఫెడేల్మని కొట్టింది. నా కళ్ళలో పడ్డాయి.

"సరే అంటే? ఇంక నేను అర్థాలు తియ్యను. సరే అంటే వెళ్ళమనా, వద్దనా, నీ చావు నువ్వు చావమనా? విడమరిచి చెప్పండి. మీ నోటితో చెప్పండి. వింటాను. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుని వింటాను."

మా అక్క ఒకసారి మూసుకున్న గుమ్మం మళ్ళీ తొక్కడం నేను చూడ్డం అదే. వెళ్ళొద్దు అను బావా అని లోపల్లోపల వేడుకున్నాను. ఒక్క ముక్క. వెళ్ళొద్దు. అంత చిన్న మాట ఇంకోటి లేదు.

బావ బండ చుట్టూ తిరిగి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది, కాళ్ళు తడి. మా మడుగు ఒడ్డున నిలబడ్డాడు. నా వైపు చూడలేదు, నేను అక్కడ లేనట్టే. అక్కనే చూస్తూ నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"సంచీ ఎత్తినప్పుడే తెలిసింది," అన్నాడు. "అయినా వెళ్దాం అనుకున్నాను. నువ్వు ఈ నీళ్ళలో కూర్చోవడం చూడాలని."

అక్క తలెత్తి ఆయన్నే చూసింది.

"ఇన్నేళ్ళూ నేను అననివన్నీ నువ్వే అనుకుంటూ బతికావు. ఇది కోపమా, ఇది ఇష్టమా, ఇది నిద్రా అని. నీ కోల్డ్ స్టోరేజీ పనికంటే అది పెద్ద పని. నాకు ఇవాళే తెలిసింది అది పని అని. అలిసిపోయుంటావు." ఊపిరి తీసుకున్నాడు. "ఉండిపో అనాలని ఉంది. గొంతు దాకా ఉంది. కానీ ఉంటే మళ్ళీ అదే పని చెయ్యాలి నువ్వు. ఇవాళ వచ్చింది గానీ, రేపటికి నాకు ఈ నోరుండదు. నా సంగతి నాకు తెలుసు. వెళ్ళు."

అక్క చీర కొంగులాంటిదేదీ లేక తడి చేతులతోనే మొహం కప్పుకుంది. వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన అలా నిలబడే ఉన్నాడు. కాసేపయ్యాక వంగి మణికట్టు నీళ్ళలో ముంచి చూసి, "చల్లబడుతున్నాయి. ఇంక లేమ్మా" అన్నాడు. చెయ్యందించాడు. అక్క ఆ చెయ్యి పట్టుకునే ఒడ్డుకి వచ్చింది.

దిగేటప్పుడు బావ ముందు నడవలేదు. అక్క పక్కనే నడిచాడు. అక్క ఆయన భుజం పట్టుకుంది. నేనే ముందు నడిచాను. వెనకనుంచి ఒక్క మాటైనా వినపడుతుందేమోనని చెవులు రిక్కించి నడిచాను. రాళ్ళు జారిన చప్పుడు వినపడింది, ఏటి చప్పుడు వినపడింది. వంతెన దగ్గర ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూస్తే, ఇద్దరూ దారినే చూసుకుంటూ వస్తున్నారు. ఆయన చెప్పిందే నిజం. రేపటిదాకా కూడా ఆగలేదు ఆ నోరు.

టీ కొట్టు దగ్గర బావ బల్ల కిందనుంచి పెద్ద సంచీ తీసి భుజానికెత్తుకున్నాడు. మా ఊరి బస్సు ముందొచ్చింది. సంచీ పైన సర్దాడు, జారకుండా ఒకసారి లాగి చూశాడు, దిగాడు. రోడ్డు దాటి అటువైపు, వాళ్ళ ఊరి బస్సు ఆగే రేకు షెడ్డు కింద నిలబడ్డాడు. అక్క కిటికీ అద్దం తియ్యడానికి రెండు చేతులా లాగింది. అది బిగుసుకుపోయింది. బస్సు కదిలింది.

దిగుదాం అక్కా అని నేను అనాల్సింది. బస్సాపమని అరవాల్సింది. ఊరందరి విషయాల్లో నోరుపెట్టే నాకు అప్పుడు మాట రాలేదు. అక్క తల కిటికీకి ఆనించింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. చాలా దూరం వెళ్ళాక నా వైపు తిరిగింది.

"ఆయన అంత బాగా మాట్లాడతారా?" అంది. "నాకు తెలియనే తెలియదే."

మా ఊరు వచ్చేదాకా ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటూ ఏడ్చింది.